గిజిగాని పెండ్లిచూపులు

సార్వా నాట్లు ముగిసి, నారు వేరూని, చేలన్నియు పచ్చబడునప్పటికి మన పెనుగొండ ప్రాంతమున కాలువగట్లమీది తాటిచెట్లకు క్రొత్త కాపురములు దిగును. మట్టల చివరలనుండి పచ్చని సంచులవంటి గూళ్లు వ్రేలాడుచుండును. వానిచుట్టు పసుపుతలల పిట్టలు గుంపులుగా మూగి రొద చేయుచుండును. ఇవియే గిజిగాండ్రు. ఈ పిట్టను ఎఱుగని రైతు డెల్టాలో లేడు. దీని పనితనమును మెచ్చి గుఱ్ఱము జాషువాగారు "గిజిగాడు" అను పేరనే ఖండకావ్యమును రచించిరి.

అయినను నిత్యము కంటబడు వస్తువును మనము పరికించి చూచుట తక్కువ. గిజిగాడు గూడు కట్టుట పిల్లలను పెంచుకొనుటకే యని మన మందఱము తలంతుము. అది నిజమే కాని సగము నిజము. ఆ గూడు ఇల్లు మాత్రమే కాదు. అది యొక విన్నపము, ఒక హామీపత్రము. దానిని వ్రాయువాడు మగపక్షి. చదివి ఒప్పుకొనుటయో త్రోసివేయుటయో ఆడుపక్షి పని. ఈ సంగతి తెలిసినపిమ్మట తాటిచెట్టువైపు చూచు మన చూపే మాఱును.

ఇంకొక మాట. "ఈ పిట్టలు మన గింజలు తినుచున్నవి గదా, వీని పెండ్లి పేరంటములతో మాకేమి పని?" యని మన సభ్యులు కొందఱు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి ప్రత్యుత్తరము ఈ వ్యాసము చివర చెప్పుదును. ముందు పక్షి కథ వినుడు.

గూడు కట్టు విధము

వానకాలము వెలుపల గిజిగాడు పిచ్చుకవలె బూడిదగోధుమ రంగున ఉండును. మగదానిని ఆడుదానిని వేఱుచేసి చూపుట కష్టము. వానలు రాగానే మగపక్షి వేషము మాఱును. నడినెత్తి బంగారు పసుపు, మొగము నల్లనిగోధుమ ముసుగు, రొమ్ము పసుపు, ముక్కు నలుపు. ఆడుపక్షి మాత్రము ఎప్పటివలెనే ఉండును.

ఆ వేషముతో మగపక్షి వరిచేనిలోనికి దిగి, ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టి, ఆ కొన కఱచిపట్టి పైకెగురును. ఆకు నిలువున చీలి, సన్నని పచ్చని నార దాని ముక్కున వచ్చును. తాటియాకు, కొబ్బరియాకు, ముదురు గడ్డియు ఇట్లే చీల్చును. ఒక్కొక్క పేలిక 20 మొదలు 60 సెంటీమీటర్ల వఱకు పొడవుండును; అనగా జానెడు మొదలు మూరకు పైబడి యుండును. ఒక గూటికి 500 మార్లవఱకు తిరుగవలసియుండును.

తొలుత మట్టకొనకు నారలు ముడివేసి బిగించును. పిమ్మట ఒక వలయము అల్లును. ఆ వలయమునుండి ఒకవైపు పెంచుకొనిపోగా, బోర్లించిన బుట్టవంటి ఆకారము ఏర్పడును. దాని అడుగున అడ్డముగా ఒక పట్టె విడిచి, దానిమీద కూర్చుండును. ఇంతవఱకు రమారమి 8 దినముల పని. మొత్తము గూడు ముగియుటకు 18 దినములు పట్టును. కాని ఈ బుట్ట తయారుకాగానే మగపక్షి పని ఆపివేయును. ఎందుకనగా ఇక తాను చేయవలసినది చేయుట కాదు, చూపుట.

పిల్ల యిల్లు చూడ వచ్చుట

మన యిండ్లలో వరుని పక్షమువారు పిల్లను చూడ వత్తురు. గిజిగాని కులమున పిల్లయే ఇల్లు చూడ వచ్చును. ఆడుపక్షులు గుంపుగా చెట్టువైపు రాగానే, మగపక్షులన్నియు తమ తమ సగము గూళ్లను పట్టుకొని తలక్రిందుగా వ్రేలాడి, రెక్కలు టపటప కొట్టుకొనుచు, ఒక్కపెట్టున కూయును. ఆ కూతలో పెద్దనలంచి పాటలోని మాధుర్యము లేదు. చిటపటలతో మొదలై చివర "చీ" యని సాగదీసిన ఊపిరివలె వినబడును. అయినను పదులకొలది గొంతులు కలిసినపుడు ఆ రొద దూరమునకు వినబడును. ఇచ్చట కాపురమునకు ఇండ్లు సిద్ధముగా నున్నవని ఆ రొదకు అర్థము.

ఆడుపక్షి ఒక గూటిలో దూరి, నారను ముక్కుతో లాగి చూచును. అటునిటు తిరిగి కూర్చుండి చూచును. నచ్చనిచో మాటలాడక ప్రక్క గూటికి పోవును. నచ్చినచో అచ్చటనే నిలిచిపోవును. అది నిలిచినపిమ్మటనే మగపక్షి మిగిలిన పనికి పూనుకొని, గ్రుడ్ల గది మూసి, క్రిందికి వ్రేలాడు పొడవైన సొరంగపు ద్వారమును కట్టును. ఆడుపక్షి లోపలిభాగమును సవరించుకొని 2 మొదలు 4 వఱకు తెల్లని గ్రుడ్లు పెట్టి, 14 మొదలు 17 దినములు పొదుగును. పిల్లలు మఱి 17 దినములకు ఎగిరిపోవును.

చెట్లక్రింద పడియున్న, లేక మట్టలకే మిగిలిపోయిన సగము గూళ్లను మీరు చూచియే యుందురు. అవి మగపక్షి ఊగుటకు కట్టుకొన్న ఊయెలలని కొంద ఱనుకొందురు. అందు పెక్కు ఆడుపక్షులు చూచి ఒల్లక పోయిన గూళ్లు. వాని వెనుక వారము దినముల వ్యర్థశ్రమ యున్నది.

గూటిలో వెలుగుకొఱకు గిజిగాడు మిణుగురు పురుగులను మట్టిలో అతికించునని పెద్దలు చెప్పు కథ యొకటి కలదు. మట్టి అతికించుట నిజము. తడిమట్టి ముద్దలు గూటిలోపల కనబడును. దీపముల మాట మాత్రము కవుల చమత్కారము.

ఈ సంసారపు గుట్టును మన దేశమున మొదట ఓపికతో కనిపెట్టి వ్రాసినవారు సలీమ్ అలీగారు. 1930 ప్రాంతమున ఉద్యోగము లేక బొంబాయి దాపుననున్న కిహిమ్ అను సముద్రతీర గ్రామమున నివసించుచు, గిజిగాండ్ర గూళ్లను దినదినము పరిశీలించి, 1931లో తమ వ్యాసమును ప్రకటించిరి. ఆడుపక్షి ఒక గూటిని స్వాధీనపఱచుకొనగానే, మగపక్షి ఆ గూడు ముగించి, వెంటనే వేఱొక గూటికి పునాది వేయుననియు, ఇట్లు ఒకే ఋతువున ఒకదాని తరువాత ఒకటిగా పలు ఆడుపక్షులతో కాపురము చేయుననియు వారే తేటపఱచిరి. ఆ యుద్యోగహీనుడే పిమ్మట మన దేశపు పక్షిశాస్త్రమునకు పెద్దదిక్కయ్యెను.

పూచీ లేని మాట చెల్లదు

ఆడుపక్షి ఇంత పరీక్ష చేయుట ఏల? మన సహకార సంఘము పద్ధతిని తలంచుకొన్నచో సులభముగా తెలియును. ఒక సభ్యుడు అప్పు కోరి వచ్చినపుడు పంచాయతుదార్లు అతని తీపిమాటలు విని సొమ్ము ఇయ్యరు. భూమి ఎంత, పంట ఎట్లున్నది, పూచీపడువా రెవ్వరు, పాత బాకీ తీర్చెనా యని విచారింతురు. మాట ఎవ్వడైనను ఆడగలడు. ఎకరము పంట చూపుట అందఱికి సాధ్యము కాదు. కావున నమ్మదగినది, చూపుటకు ఖర్చు పట్టునదే.

పక్షుల లోకమునను ఇదే ధర్మము. ఆడుపక్షి గ్రుడ్లు పెట్టుట, పొదుగుట, పెంచుట యను పెద్ద పెట్టుబడి పెట్టుచున్నది. తప్పు గూటిలో ఆ పెట్టుబడి పెట్టినచో గాలికి గూడు తెగును, లేదా కాకియో పామో గ్రుడ్లు తినును. ఆ ఏటి పంట పోవును. కావున మగపక్షి ఎంత అఱచిన దనుటకంటె, ఏమి చూపిన దనుటయే ముఖ్యము. రోగగ్రస్తమైనది, తిండిలేనిది, నేర్పులేనిది 500 మార్లు తిరిగి గూడు అల్లజాలదు. పక్షుల పసుపు, ఎఱుపు వన్నెలలో పెక్కింటికి వలయు వర్ణద్రవ్యమును పక్షిదేహము తాను పుట్టింపజాలదు, తిండినుండియే సంపాదింపవలెను. కాన నిండైన వన్నెయు కొంత తిండిసంపాదనకు సాక్ష్యమగును. ఖర్చుతో కూడిన గుఱుతే నిజమైన గుఱుతు అను ఈ సిద్ధాంతమును 1975లో ఇజ్రాయేలు దేశపు అమోట్జ్ జహావీ అను పండితుడు ప్రతిపాదించెను. మొదట పలువురు నవ్విరి; పిమ్మట గణితముతో పరీక్షించినవారు అందులోని సత్యమును గ్రహించిరి.

అయితే గిజిగాని ఆడుపక్షి దేనిని ముఖ్యముగా చూచును? సుహేల్ క్వాదర్ అను మన దేశపు పరిశోధకుడు ఈ ప్రశ్ననే తీసికొని, గూళ్లను కొలిచి లెక్కించి, 2005, 2006 సంవత్సరములలో తన ఫలితములను ప్రకటించెను. అల్లికకంటె గూడున్న చోటునకే ఆడుపక్షి ఎక్కువ విలువ నిచ్చునని, చెట్టుమీద ఎత్తున నున్న గూడు దానికి నచ్చునని అందు తేలినది. ఇల్లు కొనువాడు గోడల రంగుకంటె ముందు మెరక చూచునట్లే యిదియు. మన డెల్టాలో పల్లపు ఇల్లు కొన్నవాని కష్టము మనకు తెలియనిదా?

ఆఫ్రికాలో గిజిగాని బంధువగు మఱియొక నేతపిట్ట కలదు. అమెరికా దేశపు కాలియాస్ దంపతులు దానిని బహుకాలము పరిశీలించిరి. ఆడుపక్షి పచ్చగానున్న క్రొత్త గూటిని కోరుననియు, ఎండి గోధుమవన్నె తిరిగిన గూటిని లెక్కచేయదనియు వారు చూచిరి. అట్టి గూటిని మగపక్షి తానే విప్పి పడవేసి, అదే చోట పచ్చి నారతో మరల కట్టును. పచ్చదనము గూటి వయస్సును దాచనీయదు.

వెన్ను ఏఱుట

ఈ వేషములు, ఆటలు, అల్లికలు ఎట్లు పుట్టినవి? పిట్ట కూర్చుండి ఆలోచించి చేసిన పని కాదు. తరతరముల ఎంపికవలన కలిగినది. ఈ మాట మన రైతులకు వివరింప నక్కఱలేదు. మంచి వెన్నులను ఏఱి విత్తనమునకు తీయుట మన తాతముత్తాతల పని. పెనుగొండకు సమీపముననున్న మార్టేరున 1925లో వరి పరిశోధనా స్థానము ఏర్పడినది. అచ్చట పుట్టిన ఎమ్.టి.యు. 7029, అనగా మనము "స్వర్ణ" యను వంగడము, దేశమంతట ప్రాకినది. శాస్త్రజ్ఞులు చేసినది సంకరము చేసి ఏఱుటయే: మేలైనది ఉంచుట, కానిది విడుచుట, ఏటేట మరల ఏఱుట.

ఇంగ్లండు దేశపు డార్విను పండితుడు 1859లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి ఎంపికను ప్రకృతియు చేయుచున్నదని చెప్పెను. 1871లో వేఱొక గ్రంథమున ఇంకొక అడుగు ముందుకు వేసెను. బ్రదుకుటకు పనికివచ్చు గుణములే కాక, జోడు దొరకుటకు పనికివచ్చు గుణములును తరతరము పెరుగును. అచ్చట ఏఱువాడు రైతు కాడు, ఆడుపక్షియే. మన జిల్లాలో పుంజులను పెంచువారు డేగ, కాకి, నెమలి యని వన్నెలు విడదీసి ఏఱి జోడుకట్టుట ఎఱుగుదుము. పందెములు చట్టవిరుద్ధములు గాని, ఆ యేఱుటలోని సూత్రము సత్యము. మనుష్యుడు కొన్ని తరములలో కోడి రూపు మార్చగలిగినపుడు, లక్షలయేండ్లు ఆడుపక్షులు ఏఱుచు వచ్చినచో ఎంత మార్పు రాదు?

ఇందొక చిక్కు కూడ కలదు. 1930లో ఆర్. ఎ. ఫిషరు అను శాస్త్రజ్ఞుడు దానిని విప్పెను. పసుపుతలను కోరిన తల్లికి పసుపుతల కొడుకులును, పసుపుతలను కోరు కూతుళ్లును పుట్టుదురు. అందువలన కోరికయు వన్నెయు ఒండొంటిని పట్టుకొని రెండును పెరుగును. ఎంతవఱకు? ఆ వన్నెవలన శత్రువు కంటబడి చచ్చు నష్టము, జోడు దొరకు లాభమునకు సమానమగువఱకు. అచ్చట త్రాసు నిలుచును.

తోక అతికించిన పరీక్ష

ఆడుపక్షి ఏఱుచున్నదనుటకు సాక్ష్యమేమి యని అడుగవచ్చును. గిజిగాని వంశముననే చేసిన పరీక్ష యొకటి ప్రసిద్ధము. ఆఫ్రికాలో కెన్యా దేశపు పచ్చికబయళ్లలో నల్లని పొడవుతోక పిట్ట యొకటి కలదు. మగదాని తోక అర్ధ మీటరు వఱకు ఉండును. ఆడుదానికి తోక కుఱుచ. మాల్టె ఆండర్సన్ అను స్వీడను దేశస్థుడు కొన్ని మగపక్షుల తోకలు కత్తిరించి, ఆ ముక్కలను మఱికొన్నింటి తోకలకు జిగురుతో అతికించి పొడిగించెను. కొన్నింటి తోకలు కోసి, ఉన్నవి ఉన్నట్లే మరల అతికించెను. కోయుటవలననే మార్పు కలిగెనేమో యను సందేహము తీరుటకు. 1982లో ఫలితములు ప్రకటించెను. పొడిగించిన తోకగల పక్షుల సరిహద్దులలోనే క్రొత్త గూళ్లు ఎక్కువగా వెలసినవి. తోక తెగిన పక్షులు తమ పొలిమేరను మాత్రము పోగొట్టుకొనలేదు. అనగా తోక తోడి మగపక్షులతో పోరాడుటకు కాదు, ఆడుపక్షి మెప్పునకు.

పొలములో ఎరువు పరీక్షించునపుడు ఒక మడికి వేసి, ప్రక్క మడికి వేయక పోల్చి చూతుము గదా. ఇదియు అట్టిదే.

పాట నేర్చు పిట్టలు

గూడు గిజిగాని భాష. పెక్కు పిట్టల భాష పాట. లోకములోని పక్షిజాతులలో ఇంచుమించు సగము పాటపిట్టల తెగకు చెందినవి. గిజిగాడు, పిచ్చుక, పెద్దనలంచి, జీనువాయి ఈ తెగవే. వినుటకు కటువైనను కాకియు ఈ తెగదే! ఊపిరిగొట్టము రెండుగా చీలుచోట వీనికి ధ్వనియంత్ర ముండును. దాని కుడియెడమ భాగములను వేఱువేఱుగా నడిపి ఒకేసారి రెండు స్వరములు పలుకగలవు.

మన కవులు మెచ్చు కోకిల మాత్రము ఈ తెగలోనిది కాదు. కాకిగూటిలో పెరిగి, కాకి కూతలే వినుచు పెద్దదైనను, కోకిలపిల్ల కోకిలవలెనే కూయును. దాని కూత పుట్టుకతో వచ్చినది. పాటపిట్టల సంగతి వేఱు. అవి తండ్రివద్దనో ఇరుగుపొరుగువద్దనో నేర్చుకొనవలెను. ఇంగ్లండులో డబ్ల్యు. హెచ్. థార్ప్ అను ఆచార్యుడు 1950 తరువాత ఒకజాతి పిట్టపిల్లలను పెద్దల పాట వినబడకుండ పెంచి చూచెను. పెద్దవైనపిమ్మట అవి పాడినవి గాని, ఆ పాట అంగహీనమై యుండెను. గురువు లేని చదువు వంటిదయ్యెను. చక్కని పాట కావలెనన్న మంచి చెవి, మంచి మెదడు, పిల్లప్రాయమున మంచి తిండి కావలెను. కావుననే పాటయు ఒక హామీపత్రమే.

వరిచేలలో దిగు జీనువాయి పిట్టలను మీరెఱుగుదురు. వానిలో తెల్లనడుము గల జాతిని జపానువారు 250 ఏండ్లకు పైగా పంజరములలో పెంచుచున్నారు. పెంచినవారు పాటకొఱకు గాక, తెల్లని రంగుకును, పిల్లలను బాగుగా సాకు గుణమునకును ఏఱిరి. అయినను విచిత్రముగా పెంపుడు పిట్ట పాట అడవిపిట్ట పాటకంటె పలు మెలికలు తిరిగినదై మాఱినది. కజువో ఒకనోయా అను జపాను శాస్త్రజ్ఞుడు దీనిని పరిశోధించెను. మెలికల పాట వినిపించినపుడు ఆడుపిట్ట గూటికి ఎక్కువ పుల్లలు మోయునని కనుగొనెను. మెలికల పాటయందు కోరిక ఉన్నచో అడవిలో అది ఏల పెరుగలేదు? అడవిలో డేగ భయమున్నది, ఆకలి యున్నది. పోలికగల ఇతరజాతులతో కలిసి తిరుగునపుడు తన వానిని గుర్తుపట్టుటకు పాట తేటగా ఉండవలెను. పంజరములో ఆ కట్టుబాట్లు సడలినవి, పాట విప్పారినది. కోరికకు కళ్లెము వేయునది బ్రదుకుతెరువే.

తిండికిని పెండ్లికిని గల సంబంధము

ఒక మగపక్షికి పలు కాపురములేల? ఇది గుణదోషముల ప్రశ్న కాదు, తిండి ప్రశ్న. 1964లో జాన్ క్రూక్ అను ఆంగ్లేయుడు ఆఫ్రికా, ఆసియాలలోని నేతపిట్టల జాతులను పోల్చి చూచెను. దట్టమైన అడవిలో పురుగులు తిను జాతులు ఎక్కువగా జంటలుగా, ఒంటిగా కాపురము చేయును. అచ్చట తిండి చెదరి యుండును. ఇద్దఱును తెచ్చి పెట్టకున్న పిల్లలు బ్రదుకవు. బయళ్లలో గింజలు తిను జాతులు గుంపులుగా గూళ్లు కట్టును. అచ్చట వానకాలమున తిండి రాశిగా దొరకును. తల్లి యొక్కతెయే పిల్లలను పెంచగలదు. మంచి చెట్లు కొన్నియే యుండుటచే అందఱును ఒకచోట చేరుదురు. మగపక్షికి తీరిక దొరకును. ఆడుపక్షికి ఏఱుటకు పదిగూళ్లు ఒకేచోట దొరకును. పోటీ పెరుగును, వేషము పెరుగును. అడవిజాతులలో మగదానికిని ఆడుదానికిని రంగుభేదము తక్కువగాను, బయలుజాతులలో ఎక్కువగాను ఉండుట ఇందువలననే.

మన డెల్టా అట్టి బయలే. ధవళేశ్వరమువద్ద కాటన్ దొర ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసినపిమ్మట, కాలువ నీరు పాఱి, వరిచేలు విస్తరించినవి. చేనిగట్టున తాడిచెట్టు, దాని మొదట వరియాకు, కాలువలో నీరు, గడ్డిలో గింజ, పిల్లలకు పురుగు: గిజిగానికి ఇంతకంటె కావలసిన దేమి? వాని పెండ్లిపందిరి మన పొలమే.

రైతు లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. గిజిగాడు గింజ తినునా? తినును. పాలుపోసుకొను వెన్నులపై గుంపుగా వ్రాలినచో ఆ మడికి నష్టము కలుగును. ఇది దాచవలసిన విషయము కాదు. కాని ఖర్చు వ్రాసినవాడు జమయు వ్రాయవలెను. పిల్లలను పెంచునపుడు ఈ పక్షి మిడుతలు, గొంగళ్లు మొదలగు పురుగులను తెచ్చి పెట్టును. లేతపిల్లకు గింజ అరుగదు, పురుగే ఆహారము. పిల్లలు గూటిలో నుండునది పైరు ఆకుదశయందుండు కాలమే. పెద్దపక్షులును గింజ పండని నెలలలో గట్టుమీది కలుపుగడ్డి విత్తులు తినును.

మఱి నష్టము తగ్గించుటకు ఏమి చేయవలెను? పిట్టలు మూగునది ఊరిలో అందఱికంటె ముందు ఈనిన మడిమీదను, అందఱికంటె వెనుక మిగిలిన మడిమీదను. గ్రామమంతయు ఒకే వారమున నాట్లు వేసి, ఒకే కాలవ్యవధి గల వంగడము పెట్టినచో, నష్టము అందఱికి పంచబడి ఎవ్వరికిని బరువుగా తోచదు. ఇది ఒంటిగా నొకడు చేయగల పని కాదు, సంఘముగా చేయదగినది. పాలదశ పదిదినములు గాలికి మెఱయు రంగురిబ్బనులు కట్టుట, ఉదయసాయంకాలములు డప్పుతో అదలించుట చాలును. విషము పెట్టుట, గూళ్లు కాల్చుట పాపము మాత్రమే కాదు, నేరము కూడ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము సంరక్షితములగు అడవిపక్షుల గ్రుడ్లను చెఱచుటయు, గూళ్లను కదల్చుటయు వేటయందే చేరును.

పిట్టకంటె పెద్ద నష్టము వేఱొకటి కలదు. మన పశ్చిమగోదావరిలో పలుచోట్ల వరిచేలు చేపల చెరువులు, రొయ్యల చెరువులుగా మాఱినవి. గట్లు వెడల్పు చేయునపుడు మొదట గొడ్డలిపెట్టు తినునది తాడిచెట్టు. చెట్టులేని గట్టుమీద గిజిగాడు గూడు ఎచ్చట కట్టును? కొన్నిచోట్ల కరెంటు తీగెలకు కట్టుకొనుచున్నది. ఆడుపక్షి మొదట చూచునది చోటే యని పైన చెప్పితిమి. కావున ఎంత నేర్పుగా అల్లినను, చెడ్డచోట కట్టిన గూటికి కాపురము రాదు. మగపక్షి రెక్కలు కొట్టుకొనుచునే యుండును. చూడ వచ్చువా రుండరు. గూడు నరికినవాడు ఒక ఏటి పిల్లలను మాత్రమే చెఱచును. చెట్టు నరికినవాడు పెండ్లిచూపుల మండపమునే కూల్చును.

తాడిచెట్టు ఎదిగి గూళ్లు మోయుటకు చాల ఏండ్లు పట్టును. నాటినవాడు తన కాలమున ఫలమనుభవింపకపోవచ్చును. కాని మన కాలువగట్లమీది చెట్లలో మనము నాటిన వెన్ని? తాతలు నాటిన వెన్ని? ప్రతి సభ్యుడును తన గట్టుననున్న తాళ్లలో, వానకాలమున గూళ్లు దిగు రెండుమూడు చెట్లనైనను కొట్టక నిలుపుట, ఏడాదికి నాలుగు తాటిటెంకలు గట్టున పాతుట పెద్ద ఖర్చు కాదు. గట్టు గట్టిపడును, కమ్మ దొరకును, ముంజె దొరకును. గిజిగాడు అద్దె ఇయ్యక కాపురముండినను, పురుగు ఏఱి కొంత బాకీ తీర్చును.

ఈ శ్రావణమున పొలము వెళ్లినపుడు ఒక గడియ గట్టున నిలిచి చూడుడు. పిల్లలను కూడ తీసికొనిపొండు. ఏ గూటికి పట్టె మాత్రమున్నది, ఏ గూటికి సొరంగము దిగినది, ఏ గూడు ఎండి విడువబడినదియు లెక్కింపుడు. సొరంగము దిగిన గూడు కనబడినచో, ఒక విన్నపము మంజూరైనదని తెలిసికొనవచ్చును.